రబ్బరు సీల్‌ను క్యాడ్‌లో ఎలా చూపించాలి: ఐదు పద్ధతులు, ఏది ఎక్కడ పనికొస్తుంది

క్యాడ్‌లో (కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో) ఓ-రింగ్‌ను, అంటే లీకు ఆపే గుండ్రటి రబ్బరు రింగును, గాడిలో పెట్టి, హౌసింగ్‌ను దాని మీదకు చేర్చి, ఒక పార్టు ఇంకోదాంట్లోకి చొచ్చుకుపోతోందా అని చూసే ఇంటర్‌ఫియరెన్స్ చెక్ కొట్టగానే స్క్రీన్ మీద ఎర్ర మచ్చలు వచ్చేస్తాయి. గాడి అడుగు నుంచి ఎదుటి గోడకు 2.82 మి.మీ., రింగు మందం 3.53 మి.మీ. అయితే రాకుండా ఎలా ఉంటాయి? షాపులో ఫిట్టర్ అదే రింగుకు కాస్త గ్రీజు రాసి, గాడిలోకి ఎక్కించి, నొక్కి తోస్తే చక్కగా కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రబ్బరైనా ఉక్కైనా ఒకటే, గీసిన ఆకారం గీసినట్టే ఉంటుంది. మెటీరియల్ దగ్గర నైట్రైల్ రబ్బరు అని పెట్టినంత మాత్రాన అది మెత్తబడదు, బరువూ రంగూ మారతాయి, అంతే.

దీన్ని దాటడానికి జనం ఐదు రకాలుగా చేస్తుంటారు. ఏది మంచిదని నన్ను అడిగితే ముందు నేను అడిగేది ఒక్కటే: ఆ మోడల్ మీ దగ్గర్నుంచి ఎవరి చేతికి వెళ్తుంది? అచ్చు చేసేవాళ్లకా, అసెంబ్లీ డ్రాయింగ్ చూసి బిగించేవాళ్లకా, కదలిక చూసే ఇంజనీరుకా, లీకేజీ లెక్క కట్టేవాళ్లకా? రబ్బరు సీల్‌కు ఎప్పుడూ రెండు ఆకారాలుంటాయి. ప్యాకెట్‌లోంచి తీసినప్పుడు ఉండేది (ఫ్రీ ఆకారం) ఒకటి, బిగించాక ఉండేది ఇంకొకటి. ఒకరికి ఇవ్వాల్సిన ఆకారం ఇంకొకరికి వెళ్లినప్పుడే గొడవంతా.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. పనిలో చేరిన కొత్తలో ఒక పంపు కవర్‌కు ప్రత్యేకమైన సీల్ గీయాల్సి వచ్చింది, స్టాండర్డ్ సైజు కాదు, అచ్చు చేయించి పోయించాల్సిందే. సెక్షన్ వ్యూలో ఎర్ర మచ్చలు లేకుండా శుభ్రంగా కనిపించాలని నేను దాన్ని నొక్కుకుపోయిన ఆకారంలోనే గీశాను. డ్రాయింగ్ కూడా అదే పార్టు నుంచి తీశాను. వెండర్ ఏ తప్పూ చేయలేదు, కాగితం మీద ఉన్న కొలతలకు అచ్చు గుద్దినట్టు చేసి పంపాడు. వచ్చిన సీల్ గాడిలో పడేస్తే అటూ ఇటూ కదులుతోంది. ప్రెషర్ టెస్ట్ పెట్టిన నిమిషంలోపే కవర్ అంచు చుట్టూ నీటి చుక్కలు. నొక్కుడు మొత్తం నేను డ్రాయింగ్‌లోనే ఖర్చు పెట్టేశాను, ఇక బోల్టులు నొక్కడానికి ఏమీ మిగల్లేదు. అచ్చు మళ్లీ చేయించాం. అప్పటి నుంచి ఏ పద్ధతి వాడినా సరే, తయారీ డ్రాయింగ్ మాత్రం ఫ్రీ ఆకారం నుంచే తీస్తాను, ఈ విషయంలో బేరం లేదు.

మొదటిది: ఉన్నది ఉన్నట్టు వదిలేయడం

ఫ్రీ ఆకారంలో గుండ్రంగా గీసి, గాడి గోడల్లోకి చొచ్చుకుపోయినా పట్టించుకోకుండా ఉండటం. చాలామంది దీన్ని సోమరితనం అనుకుంటారు గానీ నేను అలా అనుకోను. కేటలాగ్‌లో దొరికే ఓ-రింగ్ అయితే, అసెంబ్లీలో అలాంటివి ముప్పై నలభై ఉంటే, ఒక్కోదాన్నీ నొక్కి చూపించడం వల్ల ఎవరికీ లాభం లేదు. పార్టు నంబరు, మెటీరియల్, బరువు సరిగ్గా ఉంటాయి, ఏఎస్568 (ఓ-రింగుల స్టాండర్డ్ సైజుల జాబితా) సైజు రాస్తే కొనేవాళ్లకు అది చాలు.

ఇందులో ఉన్న అసలు ప్రమాదం వేరే. ఎర్ర మచ్చలకు కళ్లు అలవాటు పడిపోతాయి. ముప్పై సీల్ మచ్చల మధ్య ఒక బోల్టు తల నిజంగానే పక్క గోడను కోస్తుంటే అది కనిపించదు. అందుకని సీల్స్ అన్నింటినీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, చెక్ చేసేటప్పుడు వాటిని పక్కన పెట్టి మొత్తం శుభ్రంగా వస్తుందో లేదో చూడండి, తర్వాత సీల్స్‌ను మాత్రమే విడిగా చూడండి. విడిగా చూసేటప్పుడు ఆ చొచ్చుకుపోయిన మందమే మీ స్క్వీజ్ (నొక్కుడు), అది ఎంతుందో కొలుచుకోవచ్చు. కదలని చోట మామూలుగా 15 నుంచి 30 శాతం, జారే చోట అంతకంటే తక్కువ ఉంచుతారు. ఎక్కడైనా 5 శాతమే కనిపించిందంటే గాడి కొలత మళ్లీ చూసుకోవాల్సిందే.

తిరిగే షాఫ్ట్ చుట్టూ నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్స్‌కు కూడా నాకు ఈ పద్ధతే ఇష్టం. షాఫ్ట్ వ్యాసం కంటే లిప్ (షాఫ్ట్‌ను తాకే రబ్బరు పెదవి) లోపలి వ్యాసం కొంచెం తక్కువగా ఉంటుంది, ఆ తేడా, వెనకాల ఉన్న స్ప్రింగ్, రెండూ కలిసి షాఫ్ట్‌ను పట్టుకుంటాయి. కంపెనీ ఇచ్చిన మోడల్‌ను దించుకుని వాడండి, లిప్ షాఫ్ట్‌లోకి పోయినట్టు కనిపిస్తే కనిపించనివ్వండి.

రెండోది: నొక్కుకున్న ఆకారమే గీయడం

దీని గురించి పైన చెప్పేశాను. ఒకే ఒక్క చోట ఇది బాగుంటుంది: కస్టమర్‌కు చూపించే బొమ్మ, మాన్యువల్‌లో వేసే సెక్షన్ వ్యూ, త్రీడీ రెండర్. ఆ ఫైలు పేరులోనే "చూపించడానికి మాత్రమే" అని రాయండి, లేకపోతే రెండేళ్ల తర్వాత ఇంకెవరో దాన్నే తీసి డ్రాయింగ్ చేస్తారు. పల్చటి షీట్ గ్యాస్కెట్ల విషయంలో మాత్రం కాస్త వెసులుబాటు ఉంది, 1.5 మి.మీ. షీట్‌ను 1.2 మి.మీ. అని పెడితే స్టాకప్ లెక్క (ఒకదాని మీద ఒకటి పేర్చిన పార్టుల మొత్తం మందం) సరిగ్గా వస్తుంది. అప్పుడు కూడా కొనాల్సిన మందం 1.5 అని బీఓఎంలో (పార్టుల జాబితాలో) స్పష్టంగా ఉండాలి.

మూడోది: ఒకే పార్టులో రెండు ఆకారాలు

పదిలో ఎనిమిది సందర్భాల్లో నేను చెప్పేది ఇదే. ఒకే ఫైలులో రెండు కాన్ఫిగరేషన్లు (ఒకే పార్టుకు వేర్వేరు కొలతల రూపాలు), ఒకటి "ఫ్రీ", ఇంకొకటి "బిగించాక". సాలిడ్‌వర్క్స్‌లో కాన్ఫిగరేషన్స్, ఇన్వెంటర్‌లో 2022 వెర్షన్ నుంచి మోడల్ స్టేట్స్, క్రియోలో ఫ్యామిలీ టేబుల్, ఫ్యూజన్‌లో కూడా ఇప్పుడు కాన్ఫిగరేషన్స్ ఉన్నాయి. ఫ్రీక్యాడ్ వాడేవాళ్లు స్ప్రెడ్‌షీట్‌లో కొలతలు పెట్టుకుని ఇదే పని చేయొచ్చు. డ్రాయింగ్ మొదటి దాంట్లోంచి, అసెంబ్లీ రెండో దాంట్లోంచి.

సాలిడ్‌వర్క్స్‌లో ఒక చిన్న సెట్టింగ్ మర్చిపోవద్దు. బీఓఎంలో కనిపించే పార్టు నంబరు రెండు కాన్ఫిగరేషన్లకూ డాక్యుమెంట్ పేరే ఉండేలా పెట్టండి. లేకపోతే అదే సీల్ రెండు వేర్వేరు ఐటమ్స్‌గా స్టోర్స్‌కు వెళ్తుంది, వాళ్లు రెండూ ఆర్డర్ పెడతారు.

సరే, బిగించాక ఆకారం ఎలా ఉండాలి? ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గుండ్రటి సెక్షన్‌ను పైనా కిందా కోసేసి వదిలేస్తారు. అలా చేస్తే కోసిన రబ్బరు ఎక్కడికి పోయింది? గట్టి రబ్బరు నొక్కితే ఘనపరిమాణం దాదాపు తగ్గదు, దాని పాయిజన్ నిష్పత్తి (నొక్కితే పక్కలకు ఎంత పొంగుతుందో చెప్పే అంకె) 0.5కు చాలా దగ్గర. పైనుంచి నొక్కింది పక్కలకు పొంగాలి. కాబట్టి సెక్షన్ వైశాల్యం ముందు ఎంతో తర్వాత కూడా అంతే ఉంచాలి. ఇదొక్కటి పాటిస్తే సగం సమస్య తీరిపోతుంది.

లెక్క చేసి చూపిస్తాను. 3.53 మి.మీ. మందం ఉన్న ఓ-రింగ్ సెక్షన్ వైశాల్యం 9.79 చదరపు మి.మీ. దాన్ని 2.82 మి.మీ.కు నొక్కాం, అంటే 20 శాతం. పైనా కిందా చదునుగా, రెండు పక్కలా అర్ధవృత్తాలతో, పరుగు పందేల ట్రాక్ లాంటి ఆకారం అనుకోండి. రెండు అర్ధవృత్తాలు కలిపి 2.82 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తం, దాని వైశాల్యం 6.25. మిగిలింది 3.54. దాన్ని 2.82తో భాగిస్తే 1.26 మి.మీ., అది మధ్యలో చదును భాగం వెడల్పు. మొత్తం వెడల్పు 4.08 మి.మీ. స్కెచ్‌లో ఈ రెండు కొలతలనూ సమీకరణంతో కట్టేస్తే గాడి లోతు మార్చినప్పుడల్లా పొంగు దానంతటదే మారుతుంది. నిజమైన రబ్బరు పక్కలు కచ్చితంగా అర్ధవృత్తాలు కావు, కానీ గాడి వెడల్పు సరిపోతుందా లేదా అని చూడటానికి ఇది చాలు. ఈ సైజుకు గాడి వెడల్పు మామూలుగా 4.75 మి.మీ. దగ్గర ఉంచుతారు, అంటే గాడిలో దాదాపు 73 శాతం నిండుతుంది, మిగతాది ఖాళీ. ఆ ఖాళీని చూసి "ఎందుకు వృథా, గాడి తగ్గిద్దాం" అనుకోకండి. వేడెక్కితే రబ్బరు లోహం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెరుగుతుంది, కొన్ని నూనెల్లో నానితే ఉబ్బుతుంది, దానికి చోటు కావాలి. అందుకే 85 శాతం దాటించవద్దంటారు.

సాగదీయడం కూడా లెక్కలోకి తీసుకోండి. ఏఎస్568-222 సైజు లోపలి వ్యాసం 37.69 మి.మీ., దాన్ని 38.5 మి.మీ. గాడి మీదకు ఎక్కిస్తే సుమారు 2 శాతం సాగుతుంది, దాంతో మందం 3.53 నుంచి 3.50 దగ్గరకు పడిపోతుంది. సాగిన శాతంలో సగం శాతం మందం తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. 2 శాతానికి పెద్దగా తేడా రాదు గానీ 5 శాతం సాగదీస్తే మందం 3.45 అవుతుంది, 20 శాతం అనుకున్న స్క్వీజ్ 18 అవుతుంది.

అయితే వైశాల్యం కాపాడటం అనే సూత్రం గట్టి రబ్బరుకే. తలుపుల బీడింగ్ లాంటి మధ్యలో బోలుగా ఉండేవాటికి అది పని చేయదు, లోపలి గాలి బయటికి పోతుంది, అక్కడ మారకుండా ఉండేది గోడ పొడవు. స్పాంజి రబ్బరుకైతే రెండూ కాదు, లోపలున్న గాలి బుడగలే అణుగుతాయి, పక్కలకు పొంగడం చాలా తక్కువ, ఎత్తు తగ్గించి గీస్తే సరిపోతుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసి గీసిన మోడల్స్ చాలా చూశాను, స్పాంజిని ఓ-రింగ్‌లా పొంగించేసి "ప్యానెల్‌లో చోటు చాలట్లేదు" అని టెన్షన్ పడేవాళ్లను కూడా చూశాను.

బీడింగ్ ఆకారం లెక్కకు లొంగదు. దానికి నేను చేసే పని ఇది. శాంపిల్ నుంచి పదునైన బ్లేడుతో 5 మి.మీ. మందం ముక్క అడ్డంగా కోస్తాను, బ్లేడుకు సబ్బు నీళ్లు రాస్తే కోత నిటారుగా వస్తుంది. రెండు నిటారు బ్లాకుల మధ్య ఆ ముక్క పెట్టి, బిగించాక ఉండాల్సిన సందు ఎంతో అంత మందం ఉన్న వాషర్లు రెండు పక్కలా పెట్టి, చిన్న క్లాంపుతో బిగిస్తాను. పక్కనే స్టీలు స్కేలు పెట్టి, ఫోన్‌ను ముక్కకు ఎదురుగా, కాస్త దూరంగా పట్టుకుని జూమ్ చేసి ఫొటో తీస్తాను. దగ్గర్నుంచి తీస్తే అంచులు వంగినట్టు వస్తాయి. ఆ ఫొటోను స్కెచ్‌లో పెట్టి, స్కేలు గీతలతో సైజు సరిచేసి, అంచు వెంట స్ప్లైన్ గీస్తే బిగించాక ఆకారం వచ్చేస్తుంది. పావుగంట పని. ఫొటోలో బీడింగ్‌లోని బోలు భాగం ఒక పక్కకే మడత పడుతోందని, తలుపు మూసేటప్పుడు పెదవి లోపలికి తిరిగిపోతోందని కూడా కనిపిస్తుంది, ఆ సంగతి ఏ సమీకరణమూ చెప్పదు.

ఇంకో మాట. రబ్బరును వెర్నియర్‌తో కొలిచేటప్పుడు దవడలు బిగించే కొద్దీ రీడింగ్ తగ్గుతూనే ఉంటుంది. ముక్క వెనక లైటు పెట్టి, సందులోంచి వెలుతురు సన్నగా ఆగిపోయే చోట రీడింగ్ తీసుకోండి. మూడుసార్లు కొలవండి.

నాలుగోది: ఫ్లెక్సిబుల్ పార్టు

క్రియోలో ఫ్లెక్సిబుల్ కాంపోనెంట్, సాలిడ్ ఎడ్జ్‌లో అడ్జస్టబుల్ పార్టు, ఎన్ఎక్స్‌లో డిఫార్మబుల్ పార్టు, ఇన్వెంటర్‌లో అడాప్టివ్. సాలిడ్‌వర్క్స్‌లో 2020 నుంచి పార్టును ఫ్లెక్సిబుల్‌గా మార్చే ఆప్షన్ వచ్చింది. పేర్లు వేరైనా ఆలోచన ఒకటే: అసెంబ్లీలో చుట్టూ ఉన్న కొలతలను బట్టి పార్టు తనే మారుతుంది, బీఓఎంలో మాత్రం ఒక్కటిగానే ఉంటుంది.

ఇదొక్కటీ ఉంటే అన్నీ అయిపోతాయని అనిపిస్తుంది, కానీ ఒకసారి బిగించి వదిలేసే ఓ-రింగుకు ఇది వాడొద్దనే నా సలహా. అసెంబ్లీ రీబిల్డ్ నెమ్మదిస్తుంది, రిఫరెన్సులు తెగిపోతే ఎర్రర్లు వస్తాయి, ఇన్వెంటర్‌లో అయితే ఒక పార్టు చాలాచోట్ల వాడినా ఒక్కచోటే అడాప్టివ్‌గా ఉండగలదు. పైగా ఇవేవీ రబ్బరు ధర్మాన్ని పట్టించుకోవు. మీరు రాసిన కొలతలే మారతాయి, వైశాల్యం కాపాడాలన్నా గోడ పొడవు కాపాడాలన్నా ఆ సమీకరణం మీరే రాయాలి. సాలిడ్‌వర్క్స్‌లో ఉన్న ఫ్లెక్స్ ఫీచర్ కూడా అంతే, వంచుతుంది, మెలిపెడుతుంది, సాగదీస్తుంది, అది జ్యామితి మాత్రమే.

దీని అసలు చోటు కదిలేవాటి దగ్గర. స్టీరింగ్ ర్యాక్ బూట్, సిలిండర్ రాడ్ మీద బెల్లోస్, అంటే దుమ్ము పడకుండా కప్పే మడతల రబ్బరు తొడుగులు. వాటిలో ఒక్కో మడత ఏటవాలు గోడ పొడవు మారదు, మడతల మధ్య దూరం మారుతుంది. ఏటవాలు గోడ 10 మి.మీ., మడతకూ మడతకూ మధ్య 12 మి.మీ. ఉంటే, పైథాగరస్ ప్రకారం మడత ఎత్తు 8 మి.మీ. పూర్తిగా మూసుకున్నప్పుడు ఆ దూరం 6 అయిందనుకోండి, ఎత్తు 9.54 అవుతుంది. అంటే లోపలి వ్యాసం అంతే ఉంటే బయటి వ్యాసం 3 మి.మీ. పెరిగింది. బూట్ పక్కనే బ్రాకెట్ ఉంటే ఆ 3 మి.మీ. దగ్గరే రాపిడి మొదలై రబ్బరు చిరుగుతుంది. చాచినప్పటి ఆకారం ఒక్కటే గీసినవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు. పూర్తిగా మూసినప్పుడు, మధ్యలో, పూర్తిగా చాచినప్పుడు, ఈ మూడు స్థానాల్లో ఇంటర్‌ఫియరెన్స్ చూడండి.

ఐదోది: ఎఫ్ఈఏ (పార్టును చిన్న ముక్కలుగా విడగొట్టి బలాలు లెక్కకట్టే పద్ధతి)

ఎంత బలంతో అతుక్కుంటుంది, మూత మూయడానికి ఎంత బలం కావాలి, ప్రెషర్ వస్తే రబ్బరు సందులోకి పాకుతుందా అనే ప్రశ్నలుంటే పై నాలుగూ జవాబు చెప్పలేవు. అబాకస్, అన్సిస్ లాంటివి కావాలి, ఉచితంగా కావాలంటే కాల్క్యులిక్స్ కూడా హైపర్‌ఎలాస్టిక్ (రబ్బరులా బాగా సాగే) మెటీరియల్ తీసుకుంటుంది. గుండ్రటి సీల్ అయితే మొత్తం త్రీడీ వేయకండి, సెక్షన్ మాత్రమే తీసుకుని యాక్సిసిమెట్రిక్‌గా (అక్షం చుట్టూ అంతటా అదే అనుకుని) చేస్తే చాలా త్వరగా అయిపోతుంది. పాయిజన్ నిష్పత్తి 0.5 అని పెడితే మామూలు ఎలిమెంట్లతో లెక్క తెగదు, రబ్బరు కోసం ఉన్న హైబ్రిడ్ ఎలిమెంట్లు ఎంచుకోండి.

మెటీరియల్ డేటా అసలు తలనొప్పి. రబ్బరు ఎలా సాగుతుందో సమీకరణాల్లో చెప్పే మూనీ-రివ్లిన్, ఆగ్డెన్ మోడల్స్‌కు ల్యాబ్ టెస్టుల డేటా కావాలి, చిన్న వెండర్ల దగ్గర అది దొరకదు. చేతిలో షోర్ ఏ కాఠిన్యం ఒక్కటే ఉంటే, జెంట్ 1958లో ఇచ్చిన సూత్రంతో మొదలుపెట్టొచ్చు, 70 షోర్ రబ్బరుకు యంగ్స్ మాడ్యులస్ సుమారు 5.5 మెగాపాస్కల్స్ వస్తుంది. దాన్ని 6తో భాగిస్తే అలాంటిదే, ఒక్క స్థిరాంకంతో నడిచే నియో-హుకియన్ మోడల్‌కు కావాల్సిన స్థిరాంకం 0.92 మెగాపాస్కల్స్. రెండు డిజైన్లలో ఏది మెరుగో పోల్చడానికి ఇది బాగానే ఉంటుంది, లెక్కలో వచ్చిన బలం అంకెను (న్యూటన్లలో) మాత్రం స్పెసిఫికేషన్‌లో రాసేయకండి.

ఫలితంగా వచ్చిన మెష్‌ను నేరుగా క్యాడ్‌లోకి దించితే వేల ముఖాలతో ఫైలు బరువెక్కి కూర్చుంటుంది. దాని అంచు మీద స్ప్లైన్ గీసి, రివాల్వ్ చేసి, పైన చెప్పిన "బిగించాక" కాన్ఫిగరేషన్‌లో పెట్టుకోండి.

ఎఫ్ఈఏ చూపించే ఆకారం కూడా ఆ ఉష్ణోగ్రతకు, ఆ క్షణానికే. పాత పంపు విప్పినప్పుడు బయటికొచ్చే ఓ-రింగ్‌ను చూడండి, రెండు పక్కలా చదునుగా ఉండిపోతుంది, గుండ్రంగా తిరిగి రాదు. చలిలో రబ్బరు ఇంకా మొద్దుబారుతుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష షటిల్‌లో ఏడుగురి ప్రాణాలు పోవడానికి ఓ-రింగులు చలికి వేగంగా సాగలేకపోవడమే ముఖ్య కారణమని తేలింది. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ విచారణలో ఒక రబ్బరు ముక్కను క్లాంపులో బిగించి, ఐసు నీళ్లలో ముంచి తీసి, అది వెంటనే పాత ఆకారానికి రాకపోవడాన్ని అందరి ముందూ చూపించాడు. చలి ప్రాంతాలకు వెళ్లే యంత్రమైతే, ఏళ్ల తరబడి విప్పకుండా ఉండే సీల్ అయితే, మోడల్ ఎంత బాగా కుదిరినా కంప్రెషన్ సెట్ (నొక్కు తీసేశాక రబ్బరు తిరిగి రాకుండా ఎంత అణిగిపోయి ఉంటుంది) డేటా వెండర్‌ను అడిగి తీసుకోండి. ఇంత శాతం, ఇన్ని గంటలు, ఇంత ఉష్ణోగ్రత దగ్గర అని మూడూ చెప్పమనండి, ఒట్టి శాతం ఒక్కటే చెబితే దాంతో ఏమీ తేలదు.